ప్రమాదమను మాటచాటున

సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. చేయవలసిన పనియందు మనస్సు నిలుపకపోవుట ప్రమాదము, నిలుపువాడు అప్రమత్తుడు. తైత్తిరీయోపనిషత్తులో, విద్య ముగించుకొని యింటికి మరలు శిష్యునకు గురువు చేయు నుపదేశములో ఈ శబ్దము మరల మరల వచ్చును. సత్యమునందు గాని ధర్మమునందు గాని యేమరి యుండరాదని ఆయన హెచ్చరించును. ఆ మాటయే తెలుగులోనికి వచ్చి క్రమక్రమముగా అర్థము మార్చుకొన్నది. నేడు ప్రమాదమనగా ఎవరును చేయనిది, ఆకాశమునుండి ఊడిపడినది, విధివ్రాత. మనుష్యుని తప్పును చెప్పుటకు పుట్టిన పదము మనుష్యుని తప్పును కప్పుటకు దుప్పటియైనది.

ఆ దుప్పటిచాటున దాగువారిని గూర్చియే మేమిపుడు వ్రాయదలచితిమి. చలనచిత్రములు తీయుచోట తుపాకి పేలి మనిషి మరణించినపుడు ఎవరు జవాబు చెప్పవలెను? ఇదియే ప్రశ్న.

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో కాపురముండు మనకు ఈ ప్రశ్న యేల యని పాఠకులడుగవచ్చును. సినిమా యనగా మదరాసు, ఆపైని హైదరాబాదు అనుకొను దినములు గడచిపోయినవి. 2023లో వెలువడిన 'బలగం' చిత్రము సిరిసిల్ల ప్రాంతపు పల్లెపట్టుననే చిత్రింపబడినది. దాని దర్శకుడు వేణు యెల్దండి ఈ సీమవాడే. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లినుండి వెలువడిన 'మై విలేజ్ షో' హాస్యచిత్రములను దేశదేశములందలి తెలుగువారు చూచి నవ్వుకొనిరి. ఇవి మనకు గర్వకారణములు. మన యాస, మన వాకిలి, మన ముసలమ్మ తెరమీద కనబడుట యొక గొప్ప సంస్కారమని మేము నమ్మువారము. కాని ఆ విజయములను చూచి చేతిలో కెమేరా గలవారందరును చిత్రనిర్మాతలగుచున్నారు. పాటలు, చిన్న చిత్రములు ఊరూర తీయబడుచున్నవి. ధనము తక్కువ, తొందర యెక్కువ. కథలో ప్రతినాయకుడుండును; ప్రతినాయకుని చేతిలో తుపాకి యుండును.

కొన్నేండ్ల క్రిందట కోరుట్లకు సమీపమునందలి యొక పల్లెలో మాకు జరిగిన యనుభవమును చెప్పెదము. ఒక చిన్న బృందమువారు పాఠశాలకు వచ్చి, సంత దృశ్యమునకు ఇరువదిమంది పిల్లలు కావలెననిరి. ప్రతినాయకుడు గాలిలోనికి తుపాకి కాల్చును, జనులు పరుగెత్తుదురు, ఇంతే పని. తుపాకిని చూపుడని మేమడిగితిమి. అది చాయ గ్లాసుల నడుమ ఒక గుడ్డసంచిలో నుండెను. ఉత్తబొమ్మ యని యొకరనిరి. కాదు, మక్కచేలలో అడవిపందులను బెదరించువానినుండి యెరువు తెచ్చిన నాటు తుపాకియని మరియొకరనిరి. అందు మందు లేదని యందరును ఏకకంఠముగా చెప్పిరి. "ఎవరు చూచినారు?" అని మేము ప్రశ్నించితిమి. దర్శకుడు మేనేజరును చూపెను. మేనేజరు నటుని చూపెను. నటుడు పందొమ్మిదేండ్లు నిండీనిండని యొక కుర్రవానిని చూపెను. చాయ అందించుటయు, గొడుగు పట్టుటయు, తుపాకి మోయుటయు వాని పనులే.

"నేనే చూసిన సార్, అండ్ల ఏం లేదు" అని వాడనెను.

"ఎట్లు చూచితివి?"

"గొట్టంల ఊది చూసిన."

మేము పిల్లలను పంపలేదు. సాయంకాలమునకు కొందరు తల్లిదండ్రులు వచ్చి, "పిలగాండ్లు సినిమాల పడుతుండిరి గద సార్, మీరే అడ్డం పడ్డరు" అని నిష్ఠురమాడిరి. పంతులుకు పిరికితనమెక్కువ యని ఊరిలో అనుకొనిరి. ఆ దృశ్యము మరునాడు వేరొక పల్లె పిల్లలతో తీయబడినది. ఎవరికిని ఏమియు కాలేదు. ఏమియు కాలేదు గనుక ఆ బృందమువారు తమదే సరియైన పద్ధతి యని నిశ్చయించుకొని యుందురు. మమ్ము నేటికిని బాధించునది ఇదియే. వంద మారులు ఏమియు కాకపోవుటయే నూట యొకటవ మారునకు దారితీయును.

ఈ సీమలో తుపాకి చప్పుడు వినోదము కాదని కూడ ఇచట చెప్పవలసియున్నది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడిన సంగతి పెద్దలెరుగుదురు. ఆ పిమ్మటి దశాబ్దములలో తుపాకి చప్పుడు విన్న ప్రతి యింటిలోను, కాల్చినదెవరు, ఎవరి యాజ్ఞచే కాల్చిరి, ఎవరు జవాబుదారులు అని తల్లులు అడిగి యడిగి అలసిపోయిరి. ఆ ప్రశ్న విలువ మనకు తెలిసినంతగా మరియెవరికి తెలియును?

ఇక లోకమున అత్యంత ధనవంతమైన చిత్రపరిశ్రమలో జరిగిన దానిని చూతము. 2021 అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున, శాంటా ఫే నగరమునకు సమీపమున 'రస్ట్' అను చిత్రము తీయబడుచుండెను. నటుడు అలెక్ బాల్డ్విన్ ఒక దృశ్యమును అభ్యసించుచు రివాల్వరును కెమేరావైపు త్రిప్పియుండగా అది పేలినది. ఛాయాగ్రాహకురాలు హాలినా హచిన్స్ మరణించినది. దర్శకుడు జోయెల్ సౌజా గాయపడెను. ఆమెకు నలువదిరెండేండ్లు. తుపాకిలో నుండవలసినది ఉత్తుత్తి తూటా. ఉన్నది నిజమైన తూటా. అది ప్రమాదమని లోకమంతయు అనెను.

కాని అంతకు ముందు జరిగినదేమి? అయిదు దినములకు పూర్వము అదే చిత్రీకరణలో రెండు మారులు తుపాకులు అనుకొనకుండ పేలినవి. మరణము సంభవించిన నాటి ఉదయమే కెమేరా పనివారు కొందరు పని పరిస్థితులను నిరసించి వెడలిపోయిరి. ఆయుధములను కాపాడు పని హన్నా గుటియెరెజ్ రీడ్ అను ఇరువదినాలుగేండ్ల యువతిది. ఆమెకే రంగస్థల సామగ్రిని చూచు పని కూడ అప్పగించిరి. ఆయుధముల పనికి వేతనమిచ్చు దినములను లెక్కపెట్టి యిచ్చిరి. భద్రతానియమములు పాటింపబడుట లేదని యజమానులకు తెలిసియుండియు ఊరకుండిరని ఆ రాష్ట్రపు పనిచోటుల భద్రతాశాఖ తేల్చి, 2022 ఏప్రిలులో నిర్మాణసంస్థకు 1,36,793 డాలర్ల జరిమానా విధించెను. తరువాత రాజీలో అది లక్ష డాలర్లకు తగ్గినది.

శిక్షలను చూడుడు. తుపాకిలో ప్రాణాంతకమైనదేదియు లేదని ప్రకటించిన సహాయదర్శకుడు ఆరోపణను ప్రతిఘటింపక, ఆరు నెలల పర్యవేక్షణలేని ప్రొబేషనుతో బయటపడెను. ఆయుధరక్షకురాలిని 2024 మార్చిలో జ్యూరీ దోషిగా నిర్ణయింపగా, ఏప్రిలులో ఆమెకు పదునెనిమిది నెలల కారాగారము పడెను. బాల్డ్విన్‌పై విచారణ 2024 జూలైలో మొదలై, ఆ నెల 12వ తేదీననే కొట్టివేయబడినది. తూటాలకు సంబంధించిన సాక్ష్యమును ప్రభుత్వపక్షమువారు ప్రతివాదికి చూపకుండుటయే కారణము. తాను మీట నొక్కలేదని ఆయన మొదటినుండియు చెప్పుచునే యున్నాడు. ఆయన దోషి యని మేమనము. న్యాయస్థానము ఆ ప్రశ్నను తేల్చలేదు. మేము చూపదలచిన విశేషము వేరు. బాల్డ్విన్ ఆ చిత్రమునకు నటుడే గాక నిర్మాతలలో ఒకడు. ఆయన నిర్మాతృత్వము ఈ నేరవిచారణలో ప్రస్తావనకు రాదగినది కాదని విచారణకు ముందే న్యాయమూర్తి నిర్ణయించెను. అనగా, ఖర్చును తగ్గించినదెవరు, ఒక యువతికి రెండు పనులు కట్టబెట్టినదెవరు, రెండు మారులు తుపాకి పేలినను చిత్రీకరణ నాపనిదెవరు అను ప్రశ్నలకు నేరన్యాయస్థానమున చోటు దొరకలేదు. వానికి జరిమానాతోనే తృప్తిపడవలసి వచ్చినది.

ఇది మొదటిసారి కూడ కాదు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అను నటుడు గుండులేని తూటా గల తుపాకిని పరిహాసమునకు తన కణతకు ఆనించి కాల్చుకొని మరణించెను. గుండు లేకున్నను మందు విసురు చాలినది. 1993 మార్చి 31వ తేదీన 'ది క్రో' చిత్రీకరణలో బ్రాండన్ లీ మరణించెను. ముందొక దృశ్యములో వాడిన ఉత్తుత్తి తూటానుండి ఊడిన గుండు గొట్టములో చిక్కుకొనియుండెను; తరువాత గుండులేని తూటా పేల్చినపుడు దాని విసురుకు ఆ గుండు బయటికి దూకినది. గొట్టమునొక్కసారి వెలుతురునకు పట్టి చూచియున్నచో ఇరువదియెనిమిదేండ్ల యువకుడు బ్రదికియుండును. అపుడు నేరారోపణ యెవరిమీదను జరుగలేదు.

మన చట్టమేమి చెప్పుచున్నది? చట్టబద్ధమైన పనిని, చట్టబద్ధమైన రీతిని, తగిన జాగరూకతతో చేయుచుండగా, దురుద్దేశము లేక సంభవించిన కీడు నేరము కాదని పూర్వము శిక్షాస్మృతి 80వ సెక్షను చెప్పెడిది. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 18వ సెక్షను అదే చెప్పుచున్నది. దానికిచ్చిన ఉదాహరణమును చదువుడు: ఒకడు గొడ్డలితో పని చేయుచుండగా గొడ్డలి ఊడి ప్రక్కవానిని చంపినది, తగిన జాగ్రత్త తీసికొనియున్నచో వాడు నిర్దోషి. జాగ్రత్త యను నొక్క మాటమీదనే ఆ రక్షణమంతయు నిలిచియున్నది. పిడి వదులుగా నున్నదని తెలిసి గొడ్డలి యెత్తినవానికి ఆ రక్షణము లేదు. ఇక నిర్లక్ష్యముచే మరణము కలిగించినవానికి న్యాయసంహిత 106వ సెక్షను ఐదేండ్లవరకు కారాగారమును విధించును. పూర్వస్మృతిలో అది రెండేండ్లే. ఆయుధచట్టమునకు 2019లో చేసిన సవరణ పెండ్లిండ్లలోను ఉత్సవములలోను ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు తుపాకులు కాల్చుటకు రెండేండ్లవరకు శిక్ష పెట్టినది. వరుని ముందు తుపాకి పేల్చిన మేనమామను చట్టము పేరుపెట్టి పిలిచినది. కెమేరా ముందు పేల్పించినవానిని పిలువలేదు.

చట్టములో ఒక చిక్కు గలదు. బొంబాయి రంగుల కార్ఖానాలో నిప్పంటుకొని ఏడుగురు పనివారు మరణించిన కేసులో, యజమాని జాగ్రత్తలు పాటింపలేదని సుప్రీంకోర్టు ఒప్పుకొనియు, మరణమునకు సన్నిహితకారణము ఒక పనివాని తొందరపాటే గనుక నిర్లక్ష్యమరణపు నేరము యజమానికి తగులదని తీర్పు చెప్పెను. ఆ కుర్బాన్ హుస్సేన్ రంగ్వాలా తీర్పు 1965నుండి న్యాయవాదుల చేతిలో డాలుగా నున్నది. చివర చేయి వేసినవాడు చిక్కును; ఆ చేతిని అచటికి తెచ్చినవాడు తప్పించుకొనును. మా పల్లెలో గొట్టమున ఊదిన కుర్రవాడు జ్ఞాపకమునకు రావలెను. ఆనాడు తుపాకి పేలియున్నచో సన్నిహితకారణము వాడే యగును!

కాని చట్టము ఈ చిక్కును విప్పలేనిది కాదు. ఢిల్లీలో ఉపహార్ సినిమాశాల 1997 జూన్ 13న అగ్నికి ఆహుతియై 59 మంది మరణించినపుడు, నిప్పు పుట్టినది ట్రాన్స్‌ఫార్మరులో; అయినను శాలాధిపతుల దోషిత్వమును 2014లో సుప్రీంకోర్టు స్థిరపరచెను. ఏల? బయటికి పోవు దారులు ఎన్ని యుండవలెనో, ఎట్లుండవలెనో ముందే వ్రాసియున్నది. ఆ దారిని కుర్చీలతో మూసినది వారి లాభమునకే. వ్రాసిపెట్టిన కర్తవ్యమున్నచోట చట్టము యజమాని గడపదాక నడువగలదు. వ్రాయనిచోట చాయ మోయువాని యొద్దనే ఆగిపోవును.

దీనికి దృష్టాంతము వెదకుటకు ఢిల్లీదాక పోనక్కరలేదు. కోరుట్ల బీడీలు చుట్టు తల్లులనడుగుడు. కంపెనీవారు పనిని సట్టేదారునకిచ్చెదరు. సట్టేదారు ఆకు, తంబాకు కొలిచి యిచ్చును. కష్టము వచ్చినపుడు, వారు మా పనివారు కారు, సట్టేదారు మనుషులని కంపెనీ చెప్పెడిది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఆ తెరను తొలగించి, ఎవరికొరకు పని జరుగుచున్నదో వారే ముఖ్య యజమాని యనెను. 1974లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. సిరిసిల్ల సాంచాల కార్ఖానాలో పట్టా కప్పక, రాత్రింబగళ్లు పని చేయించి, చేయి నలిగినపుడు నిద్రమత్తున పెట్టినాడని ఆసామి యన్నచో మనమొప్పుకొందుమా? ఒప్పుకొనము. బీడీ యాకునకు తెలిసిన న్యాయము కెమేరాకు తెలియకుండుటకు కారణమేమి? తళుకు తప్ప మరియొకటి మాకు కానరాదు.

దక్షిణదేశపు చరిత్ర ఈ విషయమున మనకు సిగ్గు కలిగించునట్టిది. మైసూరు ప్రీమియర్ స్టూడియోలో 1989 ఫిబ్రవరి 8న అగ్నిప్రమాదమున 62 మంది మరణించిరి. 2016 నవంబరులో బెంగుళూరు సమీపమున ఒక కన్నడ చిత్రమునకై హెలికాప్టరునుండి జలాశయములోనికి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయిరి. 2020 ఫిబ్రవరి 19న చెన్నపట్టణమున 'ఇండియన్-2' చిత్రీకరణస్థలమున క్రేను కూలి ముగ్గురు మరణించిరి. ప్రతిసారి సంతాపము, సహాయధనము, మరుపు. ఇక 2024 డిసెంబరు 4న హైదరాబాదు సంధ్యా థియేటరు తొక్కిసలాటలో ఒక తల్లి మరణింపగా, మన రాష్ట్రమంతయు కథానాయకుని అరెస్టు న్యాయమా, అన్యాయమా యని చీలి వాదులాడెను. ఆ కేసు మంచిచెడ్డలు న్యాయస్థానమునకు వదలెదము. జనులనాపు బాధ్యత ముందుగా ఎవరిమీద వ్రాసియుండెనను ప్రశ్న మాత్రము ఆ కలకలములో వినబడలేదు. ఒకచోట అందరికంటె చిన్న చేతిని పట్టుకొందురు. మరియొకచోట అందరికంటె పెద్ద ముఖమును పట్టుకొందురు. ఆపగల అధికారమెవరిదని అడుగువారు లేరు.

మామీద మూడు ఆక్షేపణలు రాగలవు. నటుడు కళావేత్త; తుపాకిని గూర్చి వానికేమి తెలియును? నిపుణుని మాట నమ్మి నటించుటయే వాని పనియని మొదటిది. ఇందు సగము సత్యమున్నది. పరీక్షించు భారమంతయు నటునిదని మేమనము. కాని వైద్యుడు కంపౌండరిచ్చిన సీసాను పేరు చదువకయే సూదిలోనికి ఎక్కించునా? తన యెదుట విప్పి చూపుమని యడుగుటకు నైపుణ్యమక్కరలేదు. మనిషివైపు గురిపెట్టకుండుటకు శాస్త్రమక్కరలేదు. ఇంత కఠినమైనచో చిన్న చిత్రములు బ్రదుకవని రెండవది. నిజమైన తుపాకియే ఖర్చు, కట్టెబొమ్మ చవుక. చప్పుడును మంటను తరువాత యంత్రముతో చేర్చుకొనుట నేడు మన పల్లె కుర్రవారికే చేతనగును. పొరపాటునకు కారాగారమేలని మూడవది. నేరశిక్షకు ఘోరమైన నిర్లక్ష్యముండవలెనని 2005లో జాకబ్ మాథ్యూ కేసున సుప్రీంకోర్టు వైద్యుల విషయమున చెప్పెను. ఆ న్యాయమును మేమును గౌరవింతుము. మేము కోరునది పగ కాదు. చావు తరువాత నేరస్థుని వెదకుట కంటె, చావునకు ముందే జవాబుదారుని నిలబెట్టుట మేలందుము.

అనుకొనని బాణపు కథ మన యింటింట నున్నది. అయోధ్యాకాండలో దశరథుడు మరణశయ్యమీద కౌసల్యకు చెప్పుకొన్నది అదియే. యౌవనమున శబ్దవేధి యను కీర్తికి పొంగి, చీకటిలో సరయూతీరమున కుండ నిండు చప్పుడును ఏనుగు ఘీంకారమనుకొని బాణము వేసెను, తాపసకుమారుడు కూలెను. చూడక వేయుటయే ఆయన ప్రమాదము. కాని ఆ తరువాత? అమ్ములపొది మోయువాడు చెప్పలేదని ఆయన అనలేదు. తానే నీటికుండ నెత్తుకొని, ఆ గ్రుడ్డి తల్లిదండ్రుల యెదుట నిలిచి, మీ కుమారుని చంపినవాడను నేనని చెప్పెను. నీవే వచ్చి చెప్పితివి గనుక నీ తల నిలిచినదని ఆ ముని యనెను. తెలియక చేసితివని దోషమును తగ్గించెను. కాని పుత్రశోకశాపమును తప్పింపలేదు. తెలియమి శిక్షను తగ్గించును గాని బాధ్యతను తుడువదు. ఆదికవి తేటగా చూపిన ధర్మమును మనము సినిమా దీపముల వెలుగున మరచుట తగునా?

కనుక మేము కోరునవి నాలుగు. మొదటిది, నిజమైన తూటా గాని, నిజముగా పేలు తుపాకి గాని చిత్రీకరణస్థలమున అడుగుపెట్టరాదు. అనుమతి లేని నాటు తుపాకిని తెచ్చుట ఇప్పటికే నేరమని ప్రతి బృందమునకు తెలియవలెను. రెండవది, ఎవరి ధనముతో, ఎవరి లాభమునకు చిత్రము తీయబడుచున్నదో ఆ నిర్మాతయే ముఖ్య జవాబుదారియని నియమములలో స్పష్టముగా వ్రాయవలెను. సినీ కార్మికులకు వ్రాతపూర్వకమైన ఒప్పందముండవలెనని 1981 చట్టము విధించెను. అది 2020 నాటి వృత్తిభద్రతాస్మృతిలో కలిసినది. ఆ స్మృతిక్రింద ఆయుధములను గూర్చిన నియమమును రాష్ట్ర ప్రభుత్వము చేర్చవలెను. మూడవది, ఆయుధమును చూచువానికి వేరొక పని యుండరాదు. నాలుగవది, "ఆపుడు" అని కేకవేయు హక్కు చాయ అందించు కుర్రవానికి సైతము ఉండవలెను. ఆ కేక వేసినందుకు వాని కూలి పోరాదు.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. గృహస్థులు చేయదగినది మరియొకటి గలదు. రేపు మీ వాకిట ఒక బృందము నిలిచి, మీ యింటి అరుగును గాని, మీ పిల్లవానిని గాని అడిగినపుడు సంతోషముగా ఇండు. అంతకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు. ఇచట కీడు జరిగినచో జవాబు చెప్పువారెవరు? ఆ పేరు కాగితముమీద వ్రాసి, చేవ్రాలు చేసి యిండు. ఎవరును చేవ్రాలు చేయకున్నచో, పిల్లవాని చేయి పట్టుకొని లోనికి పిలుచుకొనుడు. ఊరు పిరికితనమనును. పిరికితనము కాదు, దానికి మన పెద్దలు పెట్టిన పేరు అప్రమాదము.